మిస్సిసాగా కుర్రాడి మూడో ర్యాంకు

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ర్యాంకు అనే మాటకున్న బరువు మీకు వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళిలో కలిసినా, గుడిలో కలిసినా, కాస్ట్కోలో బియ్యం బస్తాల దగ్గర కలిసినా మన రెండో మాట పిల్లల చదువు గురించే. అందుకని బాస్కెట్‌బాల్ గురించి రాయబోతూ నేనూ ర్యాంకుతోనే మొదలుపెడుతున్నాను.

2019 జూన్ 20 రాత్రి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక కౌన్సెలింగు జరిగింది. దాన్ని వాళ్ళు డ్రాఫ్ట్ అంటారు. మన ఎంసెట్ కౌన్సెలింగులో పిల్లలు ర్యాంకు ప్రకారం వెళ్ళి కాలేజీలను ఎంచుకుంటారు కదా, ఇక్కడ అంతా తిరగేసి ఉంటుంది. ఎన్‌బీఏ జట్లు వరసగా వచ్చి పిల్లల్ని ఎంచుకుంటాయి. ఆ రాత్రి 60 మందిని ఎంచుకున్నారు. మొదటి పేరు జయాన్ విలియమ్సన్, రెండోది జా మొరాంట్. మూడో పేరు మన మిస్సిసాగాలో పెరిగిన ఆర్.జె. బారెట్. అప్పటికి అతనికి 19 ఏళ్ళు నిండి సరిగ్గా ఆరు రోజులు. అంతకు వారం ముందే, జూన్ 13న, టొరొంటో రాప్టర్స్ మొట్టమొదటిసారి ఛాంపియన్లయ్యారు. ఇక్కడి పిల్లలకు ఆ వారం రోజులూ సంక్రాంతి, దీపావళి కలిసి వచ్చినట్టే.

అప్పుడు మా అబ్బాయి చిన్నవాడు. వాడి గది గోడ మీదకి బారెట్ బొమ్మ అలా ఎక్కింది. వాడు తొమ్మిదో గ్రేడుకి వచ్చేసరికి ఆ బొమ్మ మా ఇంట్లో పెద్ద చర్చకు కారణమైంది.

మావాడు స్కూలు జట్టులో ఫార్వర్డ్. ఆట తెలియని మా అత్తయ్యగారి లాంటివాళ్ళ కోసం చెబుతాను. గార్డ్ అంటే బంతిని నడిపించుకొచ్చేవాడు, సెంటర్ అంటే బుట్ట కిందే కాపలా కాసే పొడుగువాడు. ఈ ఇద్దరి మధ్యా ఫార్వర్డ్. బయటినుంచీ వెయ్యాలి, లోపలికీ దూసుకుపోవాలి, బుట్ట మీద తగిలి వెనక్కొచ్చిన బంతినీ అందుకోవాలి. అంటే ఇంటికి పెద్ద కోడలి ఉద్యోగం లాంటిది. ఒక వేసవి క్యాంపులో మావాడి ఆట చూసి, అమెరికాలో హాస్టలు ఉన్న ఒక ప్రెప్ స్కూలు వాళ్ళు రమ్మన్నారు. ఫీజులో కొంత తగ్గిస్తామన్నారు. తగ్గించగా మిగిలింది మా ఇంటి మార్ట్‌గేజ్ కంటే ఎక్కువ.

"బారెట్ కూడా పదిహేనేళ్ళకే వెళ్ళాడమ్మా" అన్నాడు మావాడు.

మా అత్తయ్యగారు ఆ ఏడాది తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. "ఏమ్మాయ్, బంతాటకి హాస్టలేమిటి? చదువుకైతే అనుకోవచ్చు గానీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే పదిహేనేళ్ళకు ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టలుకు వెళ్ళినదాన్ని నేనూ. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికల్లా విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకు బెల్లు, స్టడీ అవర్లు, ఆదివారం పొద్దున్నే వీక్లీ టెస్టు, సాయంత్రానికి గోడ మీద మార్కుల లిస్టు. నెలకోసారి మా నాన్న గోంగూర పచ్చడి సీసా పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. మీలో ఎంతమంది ఆ గేటు లోపల నిలబడ్డారో నాకు తెలుసు. ఒక్క పరీక్ష కోసం పదిహేనేళ్ళ పిల్లల్ని ఇల్లు దాటించడం మనకు కొత్త కాదు. బంతి కోసం దాటించడమే కొత్త.

అందుకని మావాడిని వెంటనే వద్దు అనలేదు. మా వారూ నేనూ కూర్చుని అసలు ఈ బారెట్ ఎలా వెళ్ళాడు, వెళ్ళాక ఏమయింది అని చదివాం. చదివినకొద్దీ అది నాకు బాగా తెలిసిన కథలాగే కనిపించింది.

బారెట్ 2000 జూన్ 14న టొరొంటోలో పుట్టాడు. తండ్రి రోవన్ బారెట్ స్కార్‌బరోలో పెరిగి, న్యూయార్క్ సెయింట్ జాన్స్ యూనివర్సిటీకి ఆడిన ఫార్వర్డ్. తల్లి కూడా అదే యూనివర్సిటీలో పరుగు పందాల క్రీడాకారిణి. తండ్రికి ఎన్‌బీఏలో ఆడే అదృష్టం పట్టలేదు. యూరప్‌లో దేశదేశాల క్లబ్బులకు ఆడాడు. అందుకే బారెట్ బాల్యం కొంత ఫ్రాన్సులో గడిచింది, ఫ్రెంచి కూడా వచ్చింది. కొడుకు పుట్టిన మూడు నెలలకు, 2000 సెప్టెంబరులో, తండ్రి సిడ్నీ ఒలింపిక్స్‌లో కెనడా తరఫున ఆడాడు. ఆ జట్టులో అతని తోటి ఆటగాడు స్టీవ్ నాష్ తరవాత రెండుసార్లు ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ నాషే ఈ పిల్లవాడికి గాడ్‌ఫాదర్, అంటే మన భాషలో దైవసాక్షిగా బాధ్యత తీసుకున్న పెద్దాయన.

2015లో బారెట్ మిస్సిసాగా వదిలి ఫ్లోరిడాలోని మాంట్‌వర్డ్ అకాడమీకి వెళ్ళాడు. 2017 జులైలో కైరోలో 19 ఏళ్ళలోపు వాళ్ళ ప్రపంచ పోటీలు జరిగాయి. సెమీఫైనల్లో కెనడా అమెరికాను 99-87తో ఓడించింది. అందులో బారెట్ ఒక్కడివే 38 పాయింట్లు, 13 రీబౌండ్లు. ఫైనల్లో ఇటలీని ఓడించి కెనడా బాస్కెట్‌బాల్‌లో తన తొలి ప్రపంచ స్వర్ణం గెలిచింది. ఈ ఆటను 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ మన ఒంటారియోలోని ఆల్మాంట్ మనిషే. అయినా కెనడాకు ప్రపంచ స్వర్ణం రావడానికి 126 ఏళ్ళు పట్టింది చూశారా!

ఆపైన నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ. మనకు ఐఐటీ ఎలాగో, బాస్కెట్‌బాల్ పిల్లలకు డ్యూక్ అలాగ. ఆ ఏడాది బారెట్‌తోపాటు జయాన్ విలియమ్సన్, క్యామ్ రెడ్డిష్, ట్రే జోన్స్ అక్కడ చేరారు. ఆల్ ఇండియా టాపర్లందరూ ఒకే హాస్టలు గదిలో చేరినట్టన్నమాట. 2018 నవంబరు 6న తొలి మ్యాచిలో కెంటకీని 118-84తో చిత్తుచేశారు. బారెట్ 33 పాయింట్లు చేశాడు.

రెండు వారాలకే గొంజాగా యూనివర్సిటీతో మ్యాచి. డ్యూక్ 89-87తో ఓడింది. బారెట్ 25 సార్లు వేస్తే తొమ్మిది పడ్డాయి. చివరి నిమిషాల్లో పక్కవాళ్ళకు ఇవ్వకుండా తనే వేశాడని అందరూ దుమ్మెత్తిపోశారు. మూడు నెలలు తిరిగేసరికి, ఫిబ్రవరి 16న నార్త్ కరోలినా స్టేట్ మీద అదే కుర్రాడు 23 పాయింట్లు చేసి, 11 రీబౌండ్లు అందుకుని, 10 సార్లు తోటివాళ్ళ చేత బుట్టలో వేయించాడు. వీక్లీ టెస్టులో తప్పు చేసిన లెక్కను మళ్ళీ మళ్ళీ చేసి నేర్చుకున్నట్టుంది కదూ! ఆ ఏడాది 38 మ్యాచిల్లో మొత్తం 860 పాయింట్లు, సగటున మ్యాచికి 22.6. వాళ్ళ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరూ అంతకు ముందు అన్ని పాయింట్లు చేయలేదు.

అయితే మావాడితో కూర్చుని నేను చూసిన మ్యాచి ఇవేవీ కాదు. 2019 మార్చి 31న వాషింగ్టన్‌లో మిచిగన్ స్టేట్‌తో జరిగింది. గెలిస్తే చివరి నాలుగు జట్లలోకి వెళ్తారు. ఇంకా 5.2 సెకన్లుంది, డ్యూక్ 66, మిచిగన్ స్టేట్ 68. బారెట్‌కు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఎవరూ అడ్డురారు, గీత దగ్గర ఒక్కడే నిలబడి వేసుకోవాలి. రెండూ పడితే స్కోరు సమం. మొదటిది తప్పిపోయింది. రెండోది కావాలని తప్పిస్తే వెనక్కొచ్చిన బంతిని తమవాళ్ళు అందుకుని రెండు పాయింట్లు చేయవచ్చు. అందుకని తప్పించబోయాడు. అది పోయి బుట్టలో పడింది! 68-67. అతని కాలేజీ ఆట అక్కడితో సరి. తప్పించాలన్నా తప్పని రోజు ఒకటి ఎవరికైనా వస్తుంది కాబోలు.

"చూశావా నాన్నా, 860 పాయింట్లు చేసినవాడికి ఒక్క పాయింటు తక్కువైంది" అన్నాను.

మావాడు నా వైపు చూడకుండా, "అయినా మూడో పిక్ అయ్యాడు కదమ్మా" అన్నాడు. వాడన్నదీ నిజమే.

మూడో ర్యాంకు వచ్చాక కథ సుఖాంతం అనుకుంటాం. న్యూయార్క్ నిక్స్ జట్టులో మొదటి ఏడాది గడిచాక, ఆ ఏడు వచ్చిన కొత్త ఆటగాళ్ళలో మేటి పదిమందిని రెండు జట్లుగా ప్రకటించారు. మూడో ర్యాంకు వాడి పేరు ఆ పదిలో లేదు. అతను అక్కడే నిలబడి ఆడాడు. 2022లో ఆ జట్టే ఒప్పందం మరో నాలుగేళ్ళు పొడిగించింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2023 డిసెంబరు 30న, టొరొంటో రాప్టర్స్‌కు మార్చేసింది. పదిహేనేళ్ళకు ఇల్లు వదిలినవాడు 23 ఏళ్ళకు అలా సొంత ఊరికి వచ్చాడు. 2024 మార్చిలో అతని తమ్ముడు చనిపోయాడు. ఆ కష్టంలో ఇంటి దగ్గర ఉండగలిగాడు. మనలో ఫ్లైట్ టికెట్ల కోసం అర్ధరాత్రి వెతుక్కున్నవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది.

ఇదంతా చదివాక నేను గమనించిన సంగతి ఒకటుంది. పిల్లలకు బారెట్ ఒంటరిగా వెళ్ళినట్టు కనిపిస్తాడు. కానీ ఆ దారిన తండ్రి ముందే నడిచాడు. ఏ కోచి మాట నమ్మాలో, ఏ స్కూలు పిల్లల్ని చూసుకుంటుందో, దెబ్బ తగిలితే ఎన్ని వారాలు ఆగాలో ఆ ఇంట్లో తెలుసు. మన ఇళ్ళల్లో ఇంజనీరింగు దారి తెలిసినట్టే. మా నాన్న హైస్కూలు మాస్టారు. ఎంసెట్‌లో నా ర్యాంకు వేలల్లోకి వెళ్ళిపోయి మెడిసిన్ సీటు రానప్పుడు, "పోనీలే అమ్మా, బీఎస్సీ చెయ్యి, తరవాత ఎంసీఏ చేద్దువుగాని" అన్నారు. ఆయనకు పక్కదారులు కూడా తెలుసు. ఆ ఎంసీఏతోనే నేనీ దేశం వచ్చాను. నాతోపాటు అదే హాస్టలులో ఉండి, అలాంటి మాట చెప్పేవాళ్ళు ఇంట్లో లేక, ఆ ర్యాంకుతోనే చదువు ఆపేసినవాళ్ళున్నారు. తెలివిలో నాకంటే ఒక మెట్టు పైనే ఉండేవాళ్ళు.

ర్యాంకు వచ్చినవాళ్ళందరి కథా ఒకటి కాదు. మన పక్కనే బ్రాంప్టన్ కుర్రాడు, అతనూ ఫార్వర్డే, ఆంథొనీ బెనెట్ 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు. కెనడా నుంచి మొదటి ర్యాంకు తెచ్చుకున్న తొలి ఆటగాడు. నాలుగు సీజన్లలో నాలుగు జట్లు మారి, ఎన్‌బీఏ దాటి ఇతర దేశాల లీగుల్లో ఆడుకున్నాడు. మరుసటి ఏడాదే వాన్ నుంచి వచ్చిన ఆండ్రూ విగిన్స్‌కూ మొదటి ర్యాంకే వచ్చింది. అతను 2022లో గోల్డెన్ స్టేట్ జట్టుతో ఛాంపియనయ్యాడు. బ్రాంప్టన్‌లోనే పెరిగిన పంజాబీ కుర్రాడు సిమ్ భుల్లర్ ఏడడుగుల అయిదంగుళాల సెంటర్. న్యూ మెక్సికో స్టేట్‌కు రెండేళ్ళు ఆడినా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ పది రోజుల ఒప్పందం ఇచ్చింది. అలా ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతివాడయ్యాడు. మూడు మ్యాచిల్లో అన్నీ కలిపి మూడు నిమిషాలు కూడా కాదు. ఆ తరవాత తైవాన్‌లో ఏళ్ళ తరబడి ఆడి జీవనం సాగించాడు. దీన్ని ఓటమి అంటారా? నేననలేను.

లెక్కలు కూడా చూద్దాం, లెక్కలంటే మనకు ఇష్టమే కదా. అమెరికాలో హైస్కూలు జట్లలో ఆడే అబ్బాయిలు అయిదు లక్షలకు పైన. వాళ్ళలో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లదాకా చేరేది నూటికి ముగ్గురో నలుగురో. ఆ చేరినవాళ్ళూ, మొత్తం ప్రపంచంలోంచి వచ్చేవాళ్ళూ కలిసి పోటీపడే డ్రాఫ్ట్‌లో ఉండేది అరవై పేర్లు. ఈ అంకెలు విని "అందుకే వద్దన్నాం" అనేవాళ్ళకు ఒక్క మాట. ఐఐటీ సీట్ల లెక్క వేసుకుని మన తల్లిదండ్రులు మనల్ని చదువు మానమనలేదు. సీటు రాకపోయినా చదువు మిగులుతుందనుకున్నారు. ఆటకీ అదే ప్రశ్న వేయాలి. ర్యాంకు రాకపోతే పిల్లల చేతిలో ఏం మిగులుతుంది?

ఆ ప్రశ్నే మావాడిని అడిగాం. "అక్కడ నీ మోకాలికి దెబ్బ తగిలి ఏడాది ఆడలేకపోతే ఆ స్కూలు నిన్ను ఉంచుకుంటుందా?" అన్నారు మా వారు. ఫోను చేసి కనుక్కున్నాం. సూటిగా జవాబు రాలేదు. అక్కడ పిల్లల్ని చూసుకునే పెద్దలెవరో, పాఠాలు చెప్పేదెవరో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. మాకు ఆ దారి తెలియదు, దారి చూపిస్తామన్నవాళ్ళ మీద గురి కుదరలేదు. పంపలేదు.

మావాడు నెల రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ళ నానమ్మ దగ్గరే కూర్చుని అన్నం తినేవాడు. మొదట "బంతాటకి హాస్టలేమిటి" అన్న ఆవిడే చివరికి "పాపం, పంపిస్తే పోయేదేమోనే" అనడం మొదలుపెట్టారు. వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఇల్లు దాటకుండా పైకొచ్చినవాళ్ళూ ఉన్నారని వాడికి చూపించాను. కిచెనర్ కుర్రాడు జమాల్ మర్రే మన ఒంటారియోలోనే, ఆరంజ్‌విల్ ప్రెప్‌లో ఆడి, అక్కణ్ణుంచి కెంటకీ యూనివర్సిటీకి వెళ్ళి, 2023లో డెన్వర్ జట్టుతో ఛాంపియనయ్యాడు. వాడు విన్నాడు. ఒప్పుకున్నాడని మాత్రం చెప్పను.

ఇప్పుడు వాడు పదకొండో గ్రేడు. స్కూలు జట్టు, క్లబ్బు జట్టు, రెండూ ఆడుతున్నాడు. వారాంతాల్లో ఓక్‌విల్, హామిల్టన్ జిమ్ముల్లో కూర్చుని చల్లారిన పులిహోర తినడం మా దంపతులకు అలవాటైంది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. అమెరికాలో మొదటి శ్రేణి కాలేజీ జట్టుకు ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు పూర్తిచేయాలి. ఇంగ్లీషు నాలుగేళ్ళు, లెక్కలు మూడేళ్ళు, సైన్సు రెండేళ్ళు, అలా. వాటిలో సగటు నాలుగుకు 2.3 తగ్గకూడదు. మీ పిల్లలెవరైనా ఆడుతుంటే తొమ్మిదో గ్రేడులోనే ఆ లిస్టు చూసుకోండి. పన్నెండులో చూస్తే ఆలస్యమవుతుంది. కెనడాలో ఆడాలనుకుంటే ఇక్కడి యూనివర్సిటీలు కూడా ట్యూషను, తప్పనిసరి ఫీజుల మేరకు స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. అట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ అబ్బాయిల జట్టు 2003 నుంచి 2023 లోపల 17 సార్లు జాతీయ ఛాంపియన్ అయింది. ఎన్‌బీఏ సంగతి ఎలా ఉన్నా, అలాంటి జట్టులో ఆడుతూ డిగ్రీ చేతికి తెచ్చుకోవడం తక్కువేమీ కాదు.

2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ మేమందరం కలిసి చూశాం. కెనడా పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు రావడం సిడ్నీ తరవాత అదే మొదలు. సిడ్నీలో తండ్రి ఆడిన జట్టు క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్సు చేతిలో 68-63తో ఓడిపోయింది. 24 ఏళ్ళ తరవాత కొడుకు ఆడుతున్న జట్టుకు అదే తండ్రి జనరల్ మేనేజర్. మళ్ళీ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ ఫ్రాన్సే. 82-73తో మళ్ళీ ఓడిపోయారు. ఎన్‌బీఏ ర్యాంకు రాని ఆ తండ్రికి ఆటలోనే ఒక పెద్ద పని మిగిలింది, దేశం జట్టును కట్టే పని.

ఆట అయ్యాక మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత బంతి తీసుకుని డ్రైవ్‌వేలోకి వెళ్ళాడు. మా వారు చెప్పులు వేసుకుని వెనకే వెళ్ళి, వాడు వేసిన ఫ్రీ త్రోలను తిరిగి అందిస్తూ లెక్కపెట్టారు. ఆయనకు బాస్కెట్‌బాల్ రాదు. ఆ రోజు యాభైకి ముప్ఫై ఎనిమిది పడ్డాయి.